నొప్పి లేని కాలు

మా బావ యలమందయ్య ఎవరినీ నమ్మడు. ఇది నిందగా చెప్పడం లేదు. ఫలానా మనిషి పొడగరి అనో, చామనఛాయ అనో చెప్పినట్టే చెబుతున్నాను. నాకు దర్శిలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. ఆయన ఊరు దర్శికి ఆటోలో వచ్చేంత దగ్గర. అయినా సొంత బావమరిది కొట్టు వదిలేసి, బస్సెక్కి అద్దంకి పోయి, అక్కడెవరి దగ్గరో మందు డబ్బాలు కొనుక్కొచ్చేవాడు. ఒకసారి ఒళ్ళు మండి అడిగేశాను.

"బయటోడు మోసం చేస్తే పోయి చొక్కా పట్టుకోవచ్చు. నీ చొక్కా పట్టుకుంటే మీ అక్క నాకు అన్నం పెట్టిద్దా?" అన్నాడు.

మా అక్క సుబ్బరావమ్మ పక్కనే ఉంది. "ఎవరి చొక్కా పట్టుకోకపోయినా ఏదో ఒక రోజు పెట్టను" అంది. పెళ్ళిచూపులకు సాయంత్రం వచ్చి, దీపం వెలుగులో సరిగ్గా కనపడలేదని మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చి చూసివెళ్ళిన మనిషి ఆయన. అక్క ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు, ఆయన్ని మరిచిపోనివ్వలేదు.

అలాగని ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. మిరప, పత్తి వేసేవాళ్ళకి అనుమానం పొలంలోనే పుడుతుంది. ఒక ఏడు ఆయన కొన్న విత్తనం నకిలీదని తేలింది. మొక్క నడుమెత్తు పెరిగింది, కాయ లేదు. ఇంకో ఏడు పురుగుమందు డబ్బాలో రంగునీళ్ళు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తీసుకుపోతే, వ్యాపారి సంచిలో చెయ్యి దూర్చి, నాలుగు కాయలు నలిపి, తేమ ఉందని పెదవి విరుస్తాడు. అలా ముప్పై ఏళ్ళు దెబ్బలు తిని తిని, మా బావ దేన్నీ పైనుంచి చూడడం మానేశాడు. సంచి చూపిస్తే అడుగున చెయ్యి పెడతాడు. మనిషి మాట్లాడితే ఆ మాట వెనక ఇంకో మాట వెతుకుతాడు.

ఆయన అనుమానాలన్నిటిలోకీ పెద్దది డాక్టర్ల మీద. దానికి కారణం ఆయన తండ్రి. పెద్దాయనకు షుగరు. కాలికి పుండు పడితే గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మోకాలి కిందికి తీసేశారు. ఆ తర్వాత మంచం దిగకుండానే, ఏడాది తిరక్కుండా పోయాడు. అప్పటికి మా బావకు మీసాలు కూడా సరిగా రాలేదు. తండ్రి మంచం పక్కన కూర్చుని ఆయన విన్న మాట ఒకటే. అదే మాట నాకు వందసార్లు చెప్పాడు.

"మా నాన్నకి ఆ కాలు నొప్పే లేదురా. 'నొప్పి లేదయ్యా, నాకేం నొప్పి లేదయ్యా' అని మొత్తుకుంటానే ఉన్నాడు. నొప్పి లేని కాలు తీసేశారు. ఎందుకు తీశారంటావ్?"

ఎందుకు తీశారో ఆయనే తేల్చుకున్నాడు. కత్తి పట్టుకున్నవాడికి కొయ్యడమే వ్యాపారం అన్నాడు.  తండ్రి పోయిన మనిషితో ఏం వాదిస్తాం?

అలాంటి మనిషికి షుగరు వచ్చింది. వచ్చిందని మాకు తెలిసేసరికే చాలా ఏళ్ళయి ఉండాలి. మొదట అరికాళ్ళు మండాయి. మిరప పండే ఊళ్ళలో అరికాళ్ళ మంటను ఎవరూ జబ్బు అనుకోరు. కోతల రోజుల్లో అందరి చేతులూ మండుతాయి, కాళ్ళూ మండుతాయి. మజ్జిగతో కడుక్కుని, కాస్త కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు. మా బావా అంతే అనుకున్నాడు. కానీ కల్లం అయిపోయి, వానలు పడి, ఊళ్ళో ఎక్కడా ఒక్క మిరపకాయ ఎండబెట్టని శ్రావణంలో కూడా ఆయన కాళ్ళు మండుతూనే ఉన్నాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. పాదాల మీద చీమలు పాకుతున్నాయని మంచం నులక మొత్తం విప్పించి, దులిపించి, మళ్ళీ అల్లించాడు. చీమలు లేవు. అప్పుడు ఆయన చూపు నా కొట్టు మీద పడింది. "మీరు మందుల్లో ఏం కలిపి అమ్ముతున్నారో, అది నా కాళ్ళకి ఎక్కింది" అన్నాడు. నా దగ్గర కొనని మందుకు నన్నే నిలదీశాడు.

ఆయన మాట అలా ఉంచి, అక్క పట్టుబట్టి దర్శిలో డాక్టర్ రెబ్కా గారి దగ్గరికి లాక్కొచ్చింది. తోడుగా నన్నూ రమ్మంది. రెబ్కా గారు చిన్న వయసే. నిదానంగా మాట్లాడే మనిషి. వేలు గుచ్చి చూశారు. షుగరు బాగా ఎక్కువ ఉంది.

"మిషనూ వాళ్ళదే, పుల్లా వాళ్ళదే, నంబరూ వాళ్ళు చెప్పిందే" అని బావ నా చెవిలో గొణిగాడు. ఆమెకు వినపడింది. వంగి ఆయన పాదాలు చేతుల్లోకి తీసుకుంది.

ఆమె కాళ్ళు చూస్తూ చెప్పింది నాకు బాగా గుర్తుంది. "రక్తంలో షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు పాడవుతాయి యలమందయ్య గారూ. నరానికి రక్తం తెచ్చే సన్నటి నాళాలూ పాడవుతాయి. నడుము నుంచి పాదం దాకా పోయే నరాలే ఒంట్లో అన్నిటికన్నా పొడుగు. అందుకే దెబ్బ ముందు పాదాలకి తగులుతుంది. ఇప్పుడు మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండడం. షుగరు అదుపులో పెట్టకపోతే తర్వాత స్పర్శ పోతుంది. మంట ఆగిపోయిందని అప్పుడు సంతోషపడకండి. షుగరు తగ్గకుండా మంట ఆగితే, కబురు చెప్పే నరం పనిచెయ్యడం మానేసిందేమోనని భయపడాలి."

"మంట తగ్గితే భయపడాలంట" అన్నాడు బావ నాతో, ఆమె అక్కడ లేనట్టు.

తర్వాత ఆమె పెన్నులాంటి పిడికి బిగించిన సన్నటి నైలాన్ దారం ఒకటి తీసింది. దాని కొనతో అరికాలి మీద అక్కడక్కడా తాకుతానని, తగిలినప్పుడల్లా చెప్పాలని, కళ్ళు మూసుకోవాలని చెప్పింది. మా బావను కళ్ళు మూసుకోమనడమా! యార్డులో తూకం వేస్తుంటే రెప్ప వెయ్యని మనిషి. మూసుకున్నాడు, కానీ రెప్పల కింద సందు వదిలాడు. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా "తగిలింది" అంటున్నాడు. ఒకసారి ఆమె చెయ్యి ఊరికే దగ్గరికి తెచ్చి ఆపేసింది. దానికీ "తగిలింది" అన్నాడు.

"కళ్ళ మీద ఈ తువ్వాలు వేసుకోండి" అంది ఆమె, నవ్వకుండా.

బావ లేచి నిలబడ్డాడు. "నాకు కనపడకుండా నా కాలికి ఏం చేస్తారమ్మా? మా నాన్నకీ ముందు మొహాన గుడ్డే వేశారు" అన్నాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. నాకు కోపం వచ్చింది, ఆ మాట వినగానే కోపంతో పాటు జాలీ వచ్చింది. ఆమె మాత్రం అక్కను కూర్చోబెట్టి చెప్పాల్సినవన్నీ చెప్పింది. మాత్రలు మానకూడదు. చుట్ట మానాలి. ఎక్కడా చెప్పులు లేకుండా నడవకూడదు, ఇంట్లో కూడా. స్నానం నీళ్ళ వేడి ఆయన కాలితో కాదు, మీరు మోచేత్తో చూడండి. రోజూ అరికాళ్ళు చూడాలి, వేళ్ళ సందులు చూడాలి. ఆనెకాయలు బ్లేడుతో కొయ్యనివ్వకండి. చిన్న పుండైనా ఆ రోజే రావాలి.

అక్క చెప్పినవి చెప్పినట్టు చెయ్యాలని చూసింది. అన్నం తగ్గించి జొన్న రొట్టె పెడితే, ఇంట్లో బియ్యం ఎవరికి పోతున్నాయని ఆరా తీశాడు. పడుకున్నాక కాళ్ళు చూడబోతే ఉలిక్కిపడి లేచాడు. మాత్రలు కొన్నాళ్ళు వేసుకుని, వాటివల్లే నీరసం వస్తోందని మానేశాడు. అన్నిటికన్నా విచిత్రం, జీవితంలో ఎవరినీ నమ్మని ఈ మనిషి బస్టాండులో తైలం అమ్మేవాణ్ణి నమ్మాడు. ఎందుకంటే వాడు తైలం ముందు తన కాళ్ళకే రాసుకుని చూపించాడట.

నెలలు గడిచేకొద్దీ మంట తగ్గింది. తర్వాత పూర్తిగా పోయింది. బావ మీసం మెలేశాడు. "చూశావా, మీ డాక్టరమ్మ మంట తగ్గితే భయపడమంది. తగ్గిస్తే తన దగ్గరికి ఎవరూ రారని తన భయం" అని కొట్టు ముందు నిలబడి పదిమంది వినేటట్టు చెప్పాడు.

ఆ రోజుల్లోనే చెప్పు పోయింది. పత్తి చేలో నుంచి ఇంటికొచ్చేసరికి ఆయన ఎడమ కాలికి చెప్పు లేదు. పక్క చేను బాలు కాజేశాడన్నాడు. ఒక్క చెప్పు ఎవడు కాజేస్తాడయ్యా అంటే, నన్ను ఏడిపించడానికి అన్నాడు. బాలు ఇంటి ముందు నిలబడి అరిచాడు కూడా. మర్నాడు అక్క పోయి చూస్తే చెప్పు చేని గట్టు మీద, బురదలో ఇరుక్కుని ఉంది. భయపడి బాలు తెచ్చి పారేశాడని బావ తీర్పు చెప్పాడు. అక్క మాత్రం నాకు ఫోను చేసింది. 

"తమ్ముడూ, చెప్పు జారిపోయింది కూడా ఆయనకి తెలవలేదురా. అక్కణ్ణుంచి ఇంటిదాకా ఒంటి చెప్పుతో నడిచొచ్చాడు. ఆ కాలు పోద్దేమోరా. వాళ్ళ నాన్నకి పోయినట్టే పోద్దేమో."

నేను వెళ్ళి నచ్చజెప్పాను. డాక్టరమ్మ నీకెంత ఇస్తానంది అని అడిగాడు. లేచి వచ్చేశాను.

పోయిన ఏడు మిరప బాగా వచ్చింది. చేని పక్కనే కల్లం చేసి, నీలం పట్టాలు పరిచి కాయలు ఆరబోశారు. మావైపు కల్లంలోకి చెప్పులతో ఎవరూ వెళ్ళరు. పంటంటే లక్ష్మి. అంచున చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో కాయల్లో సాళ్ళు తీస్తూ తిరగేస్తారు. నూరేళ్ళుగా నడుస్తున్న పద్ధతి. డాక్టరమ్మ మాట వినమని అక్క అంటే, బావ మండిపడ్డాడు. "లక్ష్మిని చెప్పుకాళ్ళతో తొక్కమంటావా" అన్నాడు. ఈ ఒక్క విషయంలో అక్క కూడా నోరెత్తలేకపోయింది. ఆమెకూ అది తప్పుగానే తోచింది.

కాయ ఎండుతుంటే బావకు దొంగల భయం పట్టుకుంది. కల్లం దగ్గరే మంచం వేసుకున్నాడు. చుట్టూ ముళ్ళ కంప నాటాడు. అది చాలక, ఖాళీ సీసాలు పోగేసి, పగలగొట్టి, ఆ పెంకులు కంప వెంబడి లోపలివైపు చల్లాడు. కంప దూకి వచ్చినవాడి కాలు తెగాలని. పగలంతా కల్లం కాపు, రాత్రి లేచి లేచి కంప వెంట తిరగడం. కల్లం అంటే కల్లమే గనక వట్టి కాళ్ళతోనే తిరిగాడు.

ఒక రోజు పొద్దున్నే అక్క కబురు పెడితే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బావ మొహం వెలిగిపోతోంది.

"దొరికాడురా. దొంగ దొరికాడు" అన్నాడు.

నీలం పట్టా మీద ఎండిన నెత్తురు మరకలు ఉన్నాయి. కంప దగ్గర మొదలై కాయల దాకా వచ్చాయి. ఎర్రటి కాయల మీద నెత్తురు ఏం కనపడుతుంది? మళ్ళీ అవతలి పట్టా మీద కనపడ్డాయి. అక్కణ్ణుంచి మా బావ మంచం దాకా వచ్చాయి.

"మంచం దాకా వచ్చాడా?" అన్నాను.

"నేను నిద్రపోయానో లేదో చూసుకున్నాడు. బయటోడైతే కుక్కలు మొరుగుతాయి. కుక్కలు మొరగలేదంటే తెలిసినోడే. ఇవాళ కూలికొచ్చేవాళ్ళలోనే ఉంటాడు, చూస్తా ఉండు."

కాయలు ఏరడానికి కరీమున్ ముఠా అప్పుడే వచ్చింది. కరీమున్ మా అక్క వయసుదే. ఊళ్ళో ఆడవాళ్ళను పోగేసి ఏటా ఈ కల్లానికే తెస్తుంది. వాళ్ళతో పాటు కాయలు సంచుల్లో కూరి తొక్కే ఆదాం కూడా ఉన్నాడు. బావ వాళ్ళను పట్టా అంచున వరసగా నిలబెట్టాడు. "కాళ్ళు చూపించండి. అరికాళ్ళు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కొక్కరే కాలెత్తారు. ఆదాం పెద్దవాడు, ఒంటికాలి మీద నిలవలేక నా భుజం పట్టుకుని కాలెత్తాడు. ఆ చెయ్యి నా భుజం మీద ఉన్నంతసేపూ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. బావ మాత్రం వంగి వంగి, ఒక్కొక్క అరికాలూ సంచిలో కాయలు చూసినట్టు చూశాడు. అందరి పాదాలూ మిరప రంగు ఎక్కి ఎర్రగానే ఉన్నాయి. తెగిన కాలు మాత్రం లేదు.

చివర కరీమున్ కాలు చూపించింది. చూపించి కిందికి దించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. 

"నీ కల్లంలోనే ముసలిదాన్నవుతున్నా అన్నా. ఒక్క కాయ కొంగున కట్టుకుపోయిందా ఈ కరీమున్? సరే, మా అందరియ్యీ చూశావు. ఇంకా రెండు కాళ్ళు మిగిలినయ్యి ఇక్కడ. అయ్యి కూడా చూపించు, మేమూ చూస్తాం."

బావ నవ్వాడు. "నావా? నా కాయలు నేనే దొంగిలించుకుంటానా?" అని సంచి మీద కూర్చుని, కుడి కాలు ఎత్తి చూపించాడు. ఏమీ లేదు. ఎడమ కాలు ఎత్తాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయనకు పాదం కనపడటం లేదు, మా మొహాలే కనపడుతున్నాయి. "ఏందిరా?" అన్నాడు.

చిటికెన వేలి కింద, అరికాలిలో గాజు పెంకు దిగి ఉంది. చుట్టూ తెగి నోరు తెరిచిన గాయం. ఆ గాయం నిండా మిరప గింజలు. వేలు వాచి నల్లబారింది. కొట్టులో కూర్చునే నాకు, గోరు పక్కన చిన్న చీలిక ఉన్నప్పుడు మిరపకాయ తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. మా బావ తెగిన కాల్లో గింజలు పెట్టుకుని, సంచి మీద కూర్చుని, ఏందిరా అని అడుగుతున్నాడు.

 ఆయనే వంగి, చేత్తో తడుముకున్నాడు. వేళ్ళకు తడి తగిలింది. వేళ్ళు పైకెత్తి చూసుకున్నాడు. పట్టా మీది మరకల వంక, మంచం వంక, కంప వెంట తను చల్లిన పెంకుల వంక చూశాడు. అనుమానపు మనిషి గదా, ఎవరూ చెప్పకుండానే జాడ పట్టాడు.

"నొప్పి లేదే" అన్నాడు.

ఇంకోసారి, గింజను వేలితో నొక్కి చూసి, "నొప్పి లేదురా ఆంజనేయులూ" అన్నాడు. అని ఆగిపోయాడు. ఆ మాట ఎవరిదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

"మా నాన్న కూడా ఇదే చెప్పాడు" అన్నాడు. "వాళ్ళు కోసింది ఇందుకా?"

ఇందాక అవమానపడ్డ కరీమునే బిందె తెచ్చి, మంచినీళ్ళు ధారగా పోసి గింజలు కడిగింది. ఆదాం రోడ్డు మీదికి పోయి ఆటో ఆపాడు. నా కండువా మడిచి కాలికి చుట్టాను. బావ దేనికీ అడ్డం చెప్పలేదు.

రెబ్కా గారు చూసి, ఇది నిన్నటి గాయం కాదన్నారు. పెంకు దిగి కొన్ని రోజులై ఉంటుందని, రాత్రి మళ్ళీ చీరుకుని నెత్తురు వచ్చిందని చెప్పారు. అన్ని రోజులూ ఆయన ఆ పెంకు మీదే నడిచాడన్నమాట. గుంటూరు పంపించారు. అక్కడ ఎముక దాకా చీము పట్టిందన్నారు. వేలు తీస్తే పాదం నిలుస్తుంది, ఆలస్యమైతే చెప్పలేమన్నారు.  నేను బావ మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను. ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడు, ఇక ఎవరూ ఆపలేరు అనుకున్నాను.

"తీసెయ్యండయ్యా" అన్నాడు. "నాకు నొప్పి లేదని చూడమాకండి. మా నాన్నకీ లేదు."

వేలు పోయింది, కాలు నిలిచింది. గాయం మానేదాకా ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. వేసవి అంతా, వానలు పడ్డాక కూడా కొన్నాళ్ళు, మంచం మీదే ఉన్నాడు. మాత్రలు వేసుకున్నాడు, ఇన్సులిన్ వేసుకున్నాడు, చుట్ట మానేశాడు. దగ్గర్లో కొంటే చవకలే అని నా కొట్టులో కూడా కొంటున్నాడు ఇప్పుడు, కానీ డబ్బా మూత తిప్పి వాసన చూడకుండా ఇంటికి తీసుకుపోడు. అంతకన్నా మారితే నాకే భయం వేసేది.

పత్తి తీతకు కరీమున్ రాలేదు. కబురు పెట్టినా రాలేదు. లేచి నడవగలిగాక, బావ నన్ను తోడు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో నిలబడి, "కాళ్ళు చూపించమనడం తప్పమ్మా. ఆదాంకి కూడా చెప్పా. నీకు చెప్పాలని వచ్చా" అన్నాడు. ఆమె లోపలికి రమ్మనలేదు. కిందికి వంగి ఆయన కాళ్ళ వంక చూసింది. వేళ్ళు మూసే మెత్తటి బూట్లు ఉన్నాయి.

"రేపొస్తాంలే" అంది.

కల్లం సంగతి అక్క తేల్చింది. ఈసారి కల్లానికి ఒక కొత్త బూట్ల జత తెచ్చింది. వాటికి పసుపు బొట్టు పెట్టి, కల్లం అంచున పీట మీద పెట్టింది. అవి కల్లం దాటి బయట మట్టి తొక్కవు. "బిందెకి పెట్టుకుంటాం, బండికి పెట్టుకుంటాం, నా మొగుడి కాలు కాసేవాటికి పెట్టుకోకూడదా? లక్ష్మికి నేను చెప్పుకుంటాలే" అంది. ఊళ్ళో ఒకరిద్దరు మూతి ముడిచారు. ముడుచుకోనీ.

ఇప్పుడు మా బావ అనుమానమంతా తన కాళ్ళ మీదే. బూటు తొడిగే ముందు బోర్లించి దులిపి, లోపల చెయ్యి పెట్టి అడుగుదాకా తడుముతాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, గడ్డం గీసుకునే అద్దం కింద పెట్టి, అరికాలు అటూ ఇటూ తిప్పి చూస్తాడు. చూపు ఆనదని అక్కను మళ్ళీ చూడమంటాడు. అక్క ఏమీ లేదంటే, సరిగ్గా చూడలేదని విసుక్కుంటాడు. ఆ విసుగు వింటుంటే అక్కకు ఎంత హాయిగా ఉంటుందో ఆమె మొహమే చెబుతుంది.

మొన్న రెబ్కా గారి దగ్గరికి తీసుకెళ్ళాను. షుగరు బాగా దిగింది. ఆయన మనసులో ఒక ఆశ ఉందని నాకు తెలుసు. షుగరు దిగితే స్పర్శ తిరిగి వస్తుందేమోనని. "ఆ దారం పెట్టి చూడండమ్మా" అని ఆయనే అడిగాడు. బల్ల మీద పడుకుని, తన కండువా తనే తీసి కళ్ళ మీద కప్పుకున్నాడు.

ఆమె ఎడమ పాదంతో మొదలుపెట్టింది. వేళ్ళ కింద తాకింది, వేలు పోయిన చోట తాకింది, నడిమిభాగంలో తాకింది. బావ కదలకుండా పడుకుని ఉన్నాడు. 

కాసేపటికి కండువా కింది నుంచి, "మొదలుపెట్టండమ్మా" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. "ఎడమ కాలు అయిపోయిందండీ" అంది మెల్లగా.

  ఆమె కుడి పాదం తీసుకుంది. వేళ్ళు అయ్యాయి, మధ్య భాగం అయ్యింది. చివరికి మడమ పక్కన దారం ఆనించింది.

"ఆఁ" అన్నాడు బావ. "మడమ దగ్గర. తగిలింది."

"తగిలింది. అక్కడ స్పర్శ ఉంది మీకు" అంది ఆమె. "పోయినదాన్ని తెచ్చే మందు నా దగ్గర లేదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవడం మాత్రం మీ చేతుల్లో ఉంది."

 ఇంటికి తిరిగి వస్తుంటే ఆటోలో కుడి కాలు బూటులో నుంచి తీసి, ఒళ్ళో పెట్టుకుని, మడమ పట్టుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా నా మోకాలు తట్టాడు.

"ఏరా, నిజంగా తాకిందంటావా? ఊరికే నన్ను ఊరుకోబెట్టడానికి అందా?"

"తాకింది బావా. నేను చూశా."

"నీ కళ్ళతో చూశావా?"

"చూశా."

నా మొహంలోకి ఒక నిమిషం చూశాడు. నేను ఆ చూపు చాలా ఏళ్ళుగా ఎరుగుదును, ఇక అడుగున చెయ్యి పెడతాడు అనుకున్నాను.

"సరే అయితే" అని, బూటు దులిపి తొడుక్కున్నాడు.